ఏడెనిమిది నిమిషాల్లో అయిపోయే బొమ్మలు

పిల్లాడి చేతికి ఫోనిచ్చి అన్నం తినిపించడం ఇప్పుడు హైదరాబాదులో ఎంతో మా బెల్లంపల్లిలోనూ అంతే. ఫోను లాక్కోమని నేను చెప్పను. పొద్దస్తమానం తెర ముందు కూర్చుని సాఫ్ట్‌వేర్ రాసుకునేవాణ్ణి, ఆ నీతులు నా నోట బాగుండవు :) నా గొడవల్లా ఆ తెర మీద ఏముందన్నదే. ఒకటి అవగానే ఇంకోటి దానంతటదే మొదలయ్యే వీడియోలకి ముగింపంటూ ఉండదు. ముగింపు లేనిదాన్ని కథ అని ఎట్లా అంటాం?

పాత పొట్టి కార్టూన్లలో నాకు నచ్చేది అదే. అవి అయిపోతాయి. చాలామటుకు సినిమా హాళ్ళలో అసలు సినిమాతో పాటు వెయ్యడానికి తీసినవి. ఏడెనిమిది నిమిషాల్లో కథ మొదలై, ముదిరి, తేలిపోవాలి.

టామ్ అండ్ జెర్రీ అందరికీ తెలిసిందే. హన్నా, బార్బెరా కలిసి 1940 నుంచి 1958 దాకా తీసిన 114 చిత్రాలే అసలు సరుకు. ఏడు ఆస్కార్లు వచ్చాయి. మాటలు దాదాపు ఉండవు కాబట్టి డబ్బింగ్ బాధ లేదు. 'ద క్యాట్ కన్సర్టో'తో మొదలుపెట్టండి. టామ్ పియానో కచేరీ ఇస్తుంటే, జెర్రీ ఆ పియానో లోపల పడుకుని ఉంటాడు. మిగతాది నేను చెప్పను. అయితే పాతదల్లా బంగారం కాదు. ఆ సిరీస్‌లో నల్లజాతి పనిమనిషిని చూపించిన తీరు ఇవాళ చూస్తే ఇబ్బందిగా ఉంటుంది. పిల్లల పక్కన కూర్చుని చూడండి, అడిగితే చెప్పండి.

మన దేశానిది 'ఏక్ అనేక్ ఔర్ ఏకతా', 1974. విజయా ములే తీసింది, బొమ్మలు భీమ్‌సేన్ బృందానివి. దూరదర్శన్ చూసి పెరిగినవాళ్ళకి పాట ఇప్పటికీ నోటికొస్తుంది. వలలో పడ్డ పక్షులన్నీ కలిసి వలతో సహా ఎగిరిపోతాయి, ఎలుకలు వచ్చి వల కొరికేస్తాయి. చిన్నయసూరి మిత్రలాభంలో చిత్రగ్రీవుడి కథ చదువుకున్నవాళ్ళకి ఇది చుట్టాల కథే.

కెనడాలో నార్మన్ మెక్‌లారెన్ 1952లో తీసిన 'నైబర్స్' గీసిన బొమ్మల సినిమా కాదు. నిజం మనుషుల్నే బొమ్మల్లా ఒక్కో ఫ్రేమూ కదిలించి తీశాడు. ఇద్దరు పక్కింటివాళ్ళు, మధ్యలో ఒక పువ్వు. అచ్చంగా మన గట్టు తగాదా. చివరికి వచ్చేసరికి హింస భయంకరంగా ఉంటుంది, చిన్నపిల్లలకి వద్దు. అన్నదమ్ముల మధ్య భూమి పంచాయితీ ఉన్న ప్రతి ఇంట్లో పెద్దవాళ్ళు చూడాలి.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైనది. చెక్ దేశపు జ్దెనెక్ మిలెర్ 1957లో తీసిన మోల్ కథ. మోల్ అంటే నేల కింద సొరంగాలు తవ్వుకుని బతికే జీవి, అంటే మా బాయి మనిషే అనుకోండి. దానికి జేబులున్న లాగు కావాలి. నార మొక్కను పెంచాలి, నానబెట్టాలి. కొంగ కాడలు విరిచి పెడుతుంది, ముళ్ళపంది దువ్వుతుంది, సాలీళ్ళు వడుకుతాయి, చీమలు నేస్తాయి, ఇంకొకరు కత్తిరిస్తారు, ఇంకొకరు కుడతారు. ఒక్క లాగు వెనక ఇంతమంది చేతులున్నాయని ఉపన్యాసం లేకుండా చెప్తుంది. చూసిన పిల్లాడు తన చొక్కా వంక ఒకసారి చూసుకుంటాడు.

నా అసలు బాధ ఇక్కడే. సింగరేణిలో బొగ్గు తవ్వడం 1889లో ఇల్లందు దగ్గర మొదలైంది. ఇన్ని తరాలుగా నాన్నలు బాయికి పోయి వస్తున్నారు. లోపల ఏం చేస్తారో చాలామంది పిల్లలకి తెలియదు. పిల్లల్ని లోపలికి తీసుకుపోరు, పోకూడదు కూడా. నాన్నలు ఇంటికొచ్చి చెప్పరు. కెమెరా పోలేని చోటికి బొమ్మ పోగలదు కదా!

తీసేవాళ్ళు లేరా అంటే, 2008లో మొదలైన ఛోటా భీమ్‌ని తయారుచేసింది హైదరాబాదులోనే. చెయ్యి తిరిగినవాళ్ళకి కొదవలేదు. కథ కూడా రెడీగా ఉంది. ఒక బొగ్గు పెళ్ళ. కోల్ ఫిల్లర్ టబ్బులోకి ఎత్తుతాడు, టింబర్‌మన్ పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెడతాడు, హాలర్ టబ్బుల్ని పైకి లాగుతుంది. అక్కణ్ణుంచి రైలెక్కి రామగుండం, 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ. చివరికి ఒక ఇంట్లో పాప స్విచ్ వేస్తుంది. అంతే, ఎనిమిది నిమిషాలు, మాటలు అక్కర్లేదు.

తట్ట నెత్తిన పెట్టుకుని బొగ్గు నింపిన తరం వెళ్ళిపోతోంది. ఏ పని ఎట్లా చేసేవారో చూపించి గీయించగలిగినవాళ్ళు ఇంకా కొందరు మన మధ్యనే ఉన్నారు. గీసేవాళ్ళు వాళ్ళ దగ్గరికి ఇప్పుడే రావాలి. ఈలోగా ఇంట్లో పిల్లలకి ఆ మోల్ కథ చూపించండి. అయ్యాక ఫోను పక్కన పెట్టి, తాత బాయిలో ఏం పని చేసేవాడో తాతనే అడగమనండి.