ముందు నీరు, తరువాత చేప

అమెరికాలో చాలామంది తెలుగు పిల్లల మొదటి పెంపుడు ప్రాణి చేప. కుక్కపిల్ల కావాలని అడిగిన పిల్లవాడికి, ఇండియా వెళ్ళినప్పుడు దాన్ని ఎవరు చూస్తారని నచ్చజెప్పి, చివరికి గోల్డ్ ఫిష్ దగ్గర రాజీ కుదురుతుంది. తొట్టె, రంగురాళ్ళు, చేపలు అన్నీ ఒకే శనివారం ఇంటికి వస్తాయి. వారం తిరిగేలోగా ఒక చేప పైకి తేలుతుంది. పిల్లలు బడి నుంచి వచ్చేలోగా అలాంటిదే మరొకటి తెచ్చి వేసే తల్లిదండ్రులూ ఉన్నారు. ఈ పద్ధతి మారాలని మా అభిప్రాయం.

చాలాసార్లు దోషం చేపది కాదు, నీటిది. ఇక్కడ కుళాయి నీటిలో క్రిములను చంపడానికి క్లోరిన్ గాని, క్లోరమైన్ గాని కలుపుతారు. మనం తాగడానికి ఆ నీరు క్షేమమే కాని, చేప మొప్పలకు అది విషం. నీళ్ళు ఒక రాత్రి బకెట్లో నిలవ ఉంచితే చాలునని మన పెద్దలు చెబుతారు. క్లోరిన్ విషయంలో ఆ మాట చాలావరకు నిజమే. క్లోరమైన్ మాత్రం అంత తేలికగా పోదు. శాన్ ఫ్రాన్సిస్కో నీటి సరఫరాలో 2004లో క్లోరిన్ బదులు క్లోరమైన్ వాడకం మొదలైనప్పుడు, డయాలిసిస్ రోగులతో పాటు చేపలు పెంచేవారిని కూడా ముందుగా హెచ్చరించవలసి వచ్చింది. మీ ఊరి నీటిలో ఏది కలుపుతున్నారో నీటి సంస్థ ఏటా ఇచ్చే నివేదికలో ఉంటుంది. క్లోరమైన్‌కు కూడా పనిచేస్తుందని సీసా మీద రాసి ఉన్న మందునే కొనండి.

రెండవ ప్రమాదం కంటికి కనిపించదు. చేప విసర్జించేది అమోనియా. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరో రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపకు ప్రాణాంతకం, మూడవది కొంతవరకు ఫరవాలేదు. కొత్త తొట్టెలో ఈ బాక్టీరియా ఉండదు. ఫిల్టర్ నడుపుతూ, చేపలు లేకుండానే రోజూ చిటికెడు మేత వేస్తూ ఉంటే, అది కుళ్ళి అమోనియా పుట్టి, నాలుగు నుంచి ఆరు వారాలలో బాక్టీరియా స్థిరపడుతుంది. పరీక్ష కిట్‌లో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపి, నైట్రేట్ కనిపించినప్పుడే చేపను తేవాలి. ఒకటి రెండు చేపలతోనే మొదలుపెట్టాలి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడిగితే పెరిగిన బాక్టీరియా కాస్తా చచ్చిపోతుంది. తొట్టెలోంచి తీసిన నీటితోనే కడగాలి.

ఇదంతా మనవాళ్ళకు కొత్త విద్య కాదు. కొల్లేరు చుట్టుపక్కల, కైకలూరు, భీమవరం ప్రాంతాల రైతులు చెరువు ఎండగట్టి, సున్నం చల్లి, నీరు పెట్టి, ఆ నీరు తయారయ్యాకే చేపపిల్లలను తెస్తారు. సంచులను కాసేపు చెరువులో తేలనిచ్చి, చల్లదనం సమానమయ్యాక మెల్లగా వదులుతారు. మన తొట్టెకూ అదే పద్ధతి. సంచిని పావుగంట తేలనిచ్చి, తరువాత కాసేపటికొకసారి తొట్టెనీరు కొంచెం కొంచెం అందులో కలిపి, చివరికి చేపను మాత్రం వలతో తీసి వేయాలి. దుకాణం నీటిని తొట్టెలో పోయకూడదు, దానితో రోగాలు రావచ్చు.

రెండు మూడు డాలర్ల చేపకు ఇంత తతంగమా అని కొందరు అడుగుతారు. చేప ధర తక్కువ కావచ్చు, ప్రాణం ధర తక్కువ కాదు. చచ్చినదాని స్థానంలో చప్పుడు కాకుండా మరొకటి వేస్తే, ప్రాణం కూడా బొమ్మలాగా మార్చుకోదగినదేనని పిల్లవాడికి నేర్పినట్టవుతుంది. అదే ఆ నెల రోజులూ వాడి చేతే నీటి పరీక్ష చేయించి, అంకెలు తెలుగులో ఒక పుస్తకంలో రాయిస్తే, భాషా వస్తుంది, ఓర్పూ వస్తుంది.

కనుక తల్లిదండ్రులకు మా మనవి. ఈసారి పుట్టినరోజుకు తొట్టె మాత్రమే కొనివ్వండి. చేపను ఎప్పుడు తేవాలో ఆ నీరే చెబుతుంది.