లెక్క మన గడప నుండే మొదలవ్వాలి

పొదుపును బోధించేవారి దుబారాను లోకం త్వరగా పసిగడుతుంది. ఈ మాట వ్యక్తులకే కాదు, సంస్థలకూ వర్తిస్తుంది. భూతాపాన్ని తగ్గించమని దేశదేశాలకూ హితవు చెప్పే ఐక్యరాజ్యసమితికి ఇదే ప్రశ్న ఎదురైంది. దాని కార్యాలయాలు శీతల యంత్రాలతో నడుస్తాయి. దాని అధికారులు విమానాల్లో ఖండాలు దాటుతారు. విద్యుత్తు లేని ప్రాంతాల్లో శాంతి పరిరక్షక దళాల శిబిరాలు రేయింబవళ్లు డీజిల్ జనరేటర్లపై ఆధారపడతాయి. మరి ఈ పొగ ఎవరి ఖాతాలోకి వెళ్లాలి?

2007లో, బాన్ కీ మూన్ ప్రధాన కార్యదర్శిగా ఉన్న కాలంలో, సమితి సంస్థల అధిపతులు ఒక నిర్ణయానికి వచ్చారు. తమ కార్యకలాపాల వల్ల వెలువడే కర్బన వాయువులను ముందు కొలవాలి, తర్వాత తగ్గించాలి, తగ్గించలేని దానికి పరిహారం చెల్లించే మార్గం చూడాలి. తర్వాతి కాలంలో ఆ వివరాలు ‘గ్రీనింగ్ ది బ్లూ’ పేరిట వెలువడుతూ వచ్చాయి. తొలి లెక్కల్లోనే ఒక సంగతి తేటతెల్లమైంది. మొత్తం భారంలో సగానికి పైగా శాంతి పరిరక్షణ కార్యక్రమాలదే. విమాన ప్రయాణాల వాటా కూడా చాలా పెద్దది. కొలవకపోతే ఏ తలుపు మూయాలో ఎలా తెలుస్తుంది?

చర్యల్లో కొన్ని చాలా సాధారణమైనవి. 2008 ఆగస్టులో న్యూయార్కులోని ప్రధాన కార్యాలయంలో గదుల ఉష్ణోగ్రతను సుమారు 22 డిగ్రీల నుండి 25 డిగ్రీల సెల్సియస్‌కు పెంచారు. కోటు, టై లేకుండా రావచ్చని ఉద్యోగులకూ రాయబారులకూ చెప్పారు. తర్వాత 2019లో సమితి సచివాలయం మరింత దృఢమైన లక్ష్యాలు పెట్టుకున్నది. 2010తో పోలిస్తే 2030 నాటికి తన ఉద్గారాలను 45 శాతం తగ్గించాలి. అప్పటికి తాను వాడే విద్యుత్తులో 80 శాతం పునరుత్పాదక వనరుల నుండే రావాలి.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉన్నది. ఉద్గారాలను తగ్గించడానికి బదులు, మరెక్కడో జరిగిన తగ్గింపును ‘కార్బన్ క్రెడిట్ల’ రూపంలో కొనుక్కుని లెక్క సరిపెట్టుకోవచ్చు. సమితి కూడా ఈ మార్గాన్ని విరివిగా వాడింది, అందుకు విమర్శలూ ఎదుర్కొన్నది. ఫిఖ్హ్ చదివినవారికి ఇందులోని తేడా సులభంగా బోధపడుతుంది. ఉపవాసం ఉండే శక్తి ఇక తిరిగిరాని వృద్ధునికీ, దీర్ఘరోగికీ ఫిద్యా అనుమతి ఉన్నది. ఆరోగ్యవంతుడు పేదలకు అన్నం పెట్టి తన రోజాను వదులుకోలేడు. కర్బన పరిహారం కూడా అంతే. తప్పనిసరి భారానికి అది ఆసరా కావచ్చు గాని, తగ్గించగలిగిన వ్యయాన్ని కొనసాగించడానికి అనుమతిపత్రం కారాదు.

మన తెలుగు నేల మీద కూడా ఒక అంతర్జాతీయ సంస్థ ఉన్నది. హైదరాబాదు సమీపాన పటాన్‌చెరులో 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ మెట్టపంటలపై పరిశోధన చేస్తుంది. వర్షాభావ ప్రాంతాల రైతుకు నీటి విలువ చెప్పే ఆ సంస్థ, వ్యర్థజలాన్ని తిరిగి వాడే పద్ధతిని తన ప్రాంగణంలోనే అమలు చేసింది. ఇసుక, కంకర పరచిన మడుల్లో జమ్ము, మెట్టతామర వంటి మొక్కలను పెంచి, మురుగునీటిని వాటి వేళ్ల గుండా పారిస్తారు. అలా తేరిన నీరు పొలానికి పనికివస్తుంది. రైతు వచ్చి కళ్లారా చూడగలిగినప్పుడు మాటకు బలం చేకూరుతుంది.

ఇక మన సంస్థల సంగతి చూద్దాం. మా సంగం వద్ద పెన్నానదిపై 2022 సెప్టెంబరులో కొత్త బ్యారేజీ ప్రారంభమైంది. అంతకుముందు 19వ శతాబ్దపు ఆనకట్ట ఇక్కడి నీటిని కనిగిరి జలాశయానికి మళ్లించేది. నీరు కళ్లెదుట నిండుగా ఉన్నచోట పొదుపు మాట చెవికెక్కడం కష్టం. కానీ దైవప్రవక్త (స) ఒక ‘ముద్’ నీటితో వుజూ చేసేవారని ప్రామాణిక హదీసులు తెలుపుతున్నాయి. అది సుమారు ముప్పావు లీటరుకు మించదు. ఈ హదీసును పాఠంగా చెప్పే మదరసాలో, ఖుత్బాలో వినిపించే మస్జిదులో, కుళాయిల కింద ఎంత నీరు పోతున్నదో ఎవరైనా కొలిచారా?

నిర్వాహక సోదరులకు నా విన్నపం ఇది. ఈ నెలలో ఒక పుస్తకం తెరవండి. ఒక పూట కుళాయి కింద బకెట్టు పెట్టి, ఒక్కొక్కరి వుజూకు ఎన్ని లీటర్లు అవుతున్నాయో వ్రాయండి. కరెంటు బిల్లులోని యూనిట్లు, జనరేటరుకు పోసిన డీజిలు, వంటశాలలో మిగిలి పారవేసిన అన్నం, జల్సాకు కొన్న ప్లాస్టిక్ గ్లాసులు, ఫ్లెక్సీలు కూడా అందులో చేర్చండి. మూడు నెలల తర్వాత జమాఅత్ ముందు ఆ లెక్క చదివి వినిపించండి. ఏది పెద్దదో దానితో తగ్గింపు మొదలుపెట్టండి. గృహిణులైన సోదరీమణులు ఇంటి లెక్కనూ ఇదే తీరున వ్రాయవచ్చు. వుజూ నీటిని మురుగు కాలువకు కాక చెట్ల పాదులకు మళ్లించడానికి ఒక గొట్టం, ఒక రోజు కూలి చాలు.