డిప్లొమాకు చేతిపని తోడవ్వాలి
పాలిసెట్ రాసి ఎలక్ట్రానిక్స్ డిప్లొమాలో చేరాలన్న మంచిర్యాల జిల్లా నస్పూర్ విద్యార్థుల ఆలోచన ఈ బొగ్గుగని ప్రాంతానికి మేలు చేసేదే. గనిలో మీథేన్‌ను పసిగట్టే పరికరం మొదలు జైపూర్ విద్యుత్కేంద్రం కంట్రోల్ రూం దాకా నేడు పని నడిచేది ఎలక్ట్రానిక్స్‌పైనే. గనిలోని ఆ పరికరం తప్పు చూపితే ముప్పు కార్మికుల ప్రాణాలకే. కాబట్టి మూడేళ్ల చదువు నోట్సుతో, పరీక్షలతో ముగిసిపోరాదు. విద్యార్థి స్వయంగా సోల్డరింగ్ చేయాలి, ఆసిలోస్కోప్ తెరపై తరంగాన్ని చూసి లోపమెక్కడో పట్టుకోవాలి. ఈసెట్ ద్వారా ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరేవారికీ ఈ అనుభవమే పెట్టుబడి. టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐల ఆధునికీకరణకు పూనుకున్న తెలంగాణ ప్రభుత్వం పాలిటెక్నిక్ ల్యాబ్‌లపైనా అదే శ్రద్ధ పెట్టాలి. ఇక్కడి గనులు నడిపే సింగరేణి సంస్థ తన వర్క్‌షాపుల్లో స్థానిక డిప్లొమా విద్యార్థులకు అప్రెంటిస్ అవకాశాలు పెంచాలి.