క్రౌను మారిస్తే పెట్రోలు మిగులుద్దా?

గవర్నర్‌పేటలో మా వీధి బాబాయి ఒకాయనకి పాత అంబాసిడర్ ఉంది. పెళ్ళిళ్ళకీ, గుడి ప్రయాణాలకీ బాడుగకి తిప్పుతాడు. ఆ ఇంటికి అదే ఆధారం. మొన్న నన్నాపి, "వెనక యాక్సిల్లో క్రౌనూ పినియనూ మార్పిస్తే పెట్రోలు బాగా మిగులుద్దంటున్నారు. పాతికవేలు అప్పు తెద్దామనుకుంటున్నా. చదువుకునేవాడివి, నువ్వేమంటావురా?" అన్నాడు. వద్దన్నాను. ఎందుకో రాస్తున్నాను. తప్పుంటే మా లెక్చరర్లు దిద్దుదురు గాక.

పినియనుకి 9 పళ్ళు, క్రౌను వీలుకి 41 పళ్ళు అనుకుందాం. టాపు గేరులో చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే ఇంజను నాలుగున్నర చుట్లు పైనే తిరగాలి. 9కి 35 పళ్ళ జత వేస్తే నాలుగు చుట్లు కూడా అక్కర్లేదు. అదే స్పీడులో ఇంజను నూటికి పదిహేను చుట్లు తగ్గుతుంది. నిజమే. అయితే పెట్రోలు కూడా నూటికి పదిహేను తగ్గాలి గదా అంటారు. అక్కడే తిరకాసు. ఎదురుగాలీ, టైర్ల రాపిడీ ఎప్పట్లాగే ఉంటాయి. బండిని తొయ్యడానికి కావలసిన శక్తి ఏమీ తగ్గదు. తగ్గేదల్లా ఇంజను లోపలి రాపిడి, సగం మూసిన కార్బురేటరు గుండా గాలి పీల్చుకునే శ్రమ, అంతే. నూటికి అయిదు మిగిలిందనుకోండి, సంతోషించాలి.

బాబాయి ఏడాదికి పదివేల కిలోమీటర్లు తిప్పుతాడు, లీటరుకి 12 ఇస్తుంది. అంటే 833 లీటర్లు. అందులో అయిదు శాతం 42 లీటర్లు. లీటరు నూటపది వేసుకున్నా 4,620 రూపాయలు. పాతికవేలకి రెండు రూపాయల వడ్డీ అయితే ఏడాదికి ఆరువేలు! అసలు సంగతి దేవుడెరుగు, వడ్డీకే చాలదు.

పైగా యాక్సిల్ మారిస్తే టాపు గేరు ఒక్కటే కాదు, ఫస్టు గేరు కూడా బరువెక్కుతుంది. బీసెంట్ రోడ్డు సందడిలో హాఫ్ క్లచ్ మీద ఈడ్వాలి. ఆరుగురిని ఎక్కించుకుని దుర్గమ్మ ఘాట్ రోడ్డు ఎక్కితే బండి లాగదు, క్లచ్ ప్లేటు కాలుద్ది. అదే అయిదో గేరు ఉంటే ఈ బాధ లేదు. కింది గేర్లు యథాతథంగా ఉండి, రోడ్డు దొరికినప్పుడే ఇంజను నెమ్మదిస్తుంది. 1990ల్లో ఇసుజు ఇంజనుతో వచ్చిన అంబాసిడర్‌కి అయిదు గేర్లు పెట్టారు.

ఎప్పుడూ ఇద్దరితో హైదరాబాదు హైవే మీదే తిరిగే బండయితే, ఆటోనగర్లో తుక్కు బండిదేదైనా మంచి జత చవగ్గా దొరికితే, నేను కాదనను. కానీ ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఈ బళ్ళలో మీటరు కేబులు గేరుబాక్సు నించి వస్తుంది. జత మార్చాక నూరు కిలోమీటర్లు నడిస్తే మీటరు 85 చూపిస్తుంది. అది నమ్మి లెక్క కడితే మైలేజీ పెరిగినా తగ్గినట్టే కనిపిస్తుంది, మెకానిక్కుతో తగాదా వస్తుంది. ట్యాంకు నిండా పట్టించి, బందరు రోడ్డు మీద కిలోమీటరు రాళ్ళు లెక్కపెట్టుకుంటూ ఉయ్యూరు దాటి పామర్రు దాకా వెళ్ళి తిరిగొచ్చి, మళ్ళీ నింపి చూడాలి.

మార్చకముందు ఒకసారి, ఇప్పుడున్న క్రౌనుతోనే అలా చూద్దాం రమ్మన్నాను. ఆదివారం వెళ్దామన్నాడు బాబాయి, పెట్రోలు నన్నే పోయించమన్నాడు.