తెల్లకూ నల్లకూ తూకం ఒక్కటే



పాటల మీద రాస్తున్న ఈ వరసలో ఇది ఏడో భాగం. ఈసారి కుసుమ ధర్మన్న గారి 'మాకొద్దీ నల్లదొరతనము' గురించి.

చాలా కాలంగా ఒక మాట మీద నాకు కోపం ఉంది. ఆ మాట 'పేరడీ'. సభల్లో వింటున్నాను, వ్యాసాల్లో చదువుతున్నాను. గరిమెళ్ల సత్యనారాయణ గారు 'మాకొద్దీ తెల్లదొరతనము' రాశారు, ధర్మన్న గారు దానికి పేరడీ కట్టారు అంటారు. అనేసి తర్వాతి కవి దగ్గరికి వెళ్లిపోతారు. ఒక్క మాటతో మనిషిని పంక్తి అవతల కూర్చోబెట్టడం ఈ దేశంలో కొత్త విద్యేమీ కాదు.

పేరడీ అంటే ఏమిటి? గంభీరమైన రచనను పట్టుకుని నవ్వు పుట్టించడం. జరుక్ శాస్త్రి గారు చేసింది అదీ. మరి ధర్మన్న గారి పాటలో నవ్వొచ్చే చోటు ఒక్కటి చూపించండి. ఏడాది పొడుగునా పాలేరుతనం చేసినా పస్తులు తప్పని మనిషి మొర అది. మీకు ఎక్కడ నవ్వొచ్చింది?

ముందుగా గరిమెళ్ల గారికి ఇవ్వాల్సింది ఇచ్చేద్దాం. సహాయ నిరాకరణ రోజుల్లో ఆయన పాట ఊరూరా తిరిగింది. ఆ పాట కోసం ఆయన జైలుకు పోయారు. స్వతంత్రం వచ్చాక కూడా పేదరికంలోనే బతికి, 1952లో పోయారు. నా తగువు ఆయనతో కాదు. ఆయన పాట దేశం పాట, ధర్మన్న గారిది కులం పాట అని లెక్కగట్టేవాళ్లతో నా తగువు.

గరిమెళ్ల గారి గురించి చెప్పేవాళ్లంతా ఒక కథ చెబుతారు. బ్రేకెన్ అనే తెల్ల కలెక్టరు ఆయన్ని పిలిపించి పాట పాడించుకున్నాడట. తెలుగు రాకపోయినా, ఇది జనాన్ని లేపే పాట అని పసిగట్టాడట. అంటే మాట అర్థం కానివాడికి కూడా బాణీ అర్థమైంది. ఒకడు అందుకుంటే పదిమంది తిప్పి అనే బాణీ అది. గుంపును పోగుచేసే బాణీ.

ధర్మన్న గారు ఆ బాణీనే ఎందుకు ఎత్తుకున్నారు? కొత్తది కట్టడం చేతకాకనా? కాదు. ఆ బాణీ అప్పటికే జనం చెవుల్లో ఉంది. 'మాకొద్దీ' అనగానే విన్నవాడి నోరు 'తెల్ల' అనడానికి సిద్ధపడుతుంది. సరిగ్గా అక్కడ 'నల్ల' వచ్చి పడుతుంది. ఛందస్సు చదువుకున్న పెద్దలు గమనించండి. తెల్ల: గురువు, లఘువు. నల్ల: గురువు, లఘువు. తూకం ఒక్కటే. తాళం తప్పలేదు, పాట ఎక్కడా కుంటుపడలేదు. దొర మారినా పాలేరు బతుకు అదే దరువులో నడుస్తుందని ఇంతకంటే సూటిగా ఎలా చెబుతారు? బాణీని అప్పు తెచ్చుకోవడం ఇక్కడ లోపం కాదు, పాట అర్థంలో సగం అదే.

రంగు మారింది సరే, మారని మాట ఏది? 'దొరతనము'. మొదటి పాట చదివినవాళ్లు 'తెల్ల' దగ్గర ఆగిపోయారు. ధర్మన్న గారు 'దొరతనము' దాకా చదివారు. అందుకే ఆయన పాటను నేను అనుకరణ అనను, మొదటి పాటకు వచ్చిన మొట్టమొదటి వ్యాఖ్యానం అంటాను.

ఇక 'మా' అనే మాట చూడండి. తెలుగులో 'మన' వేరు, 'మా' వేరు. 'మన' అంటే వినేవాడు కూడా లోపలే ఉన్నాడు. 'మా' అంటే ఎదుటివాడు బయట ఉన్నాడు. మొదటి పాటలోని 'మా'కు బయట ఉన్నవాడు ఇంగ్లీషువాడు. తెలుగువాళ్లందరూ లోపలే ఉన్నారని ఆ పాట నమ్మింది. నిజంగా ఉన్నామా? ఒక బావి దగ్గర ఉన్నామా, ఒక బడిలో ఉన్నామా? ధర్మన్న గారు 'మా' చుట్టూ ఉన్న గీతను మాలపల్లె, మాదిగపల్లె పొలిమేరకు జరిపారు. ఆ గీత ఆయన గీసింది కాదు. ఊరే గీసింది. ఆయన చూపించారు, అంతే.

గరిమెళ్ల గారి పాటలో ఉప్పు ముట్టుకోవడం కూడా తప్పైపోయిందన్న బాధ ఉంది. న్యాయమైన బాధే. కానీ 'ముట్టుకోవడం' అన్న మాట పల్లెలో ఎలా వినబడుతుంది? మాకు ఉప్పు తర్వాత సంగతి, ముందు నీళ్లు. 1927 మార్చి 20న మహాడ్‌లో అంబేద్కర్ వెంట వెళ్లి చవదార్ చెరువు నీళ్లు తాగినందుకు మనవాళ్లను కొట్టారు. కొట్టింది తెల్లదొరలు కాదు. 1930 ఏప్రిల్ 6న దండిలో గాంధీ గారు ఉప్పు పట్టుకుంటే అది దేశ చరిత్ర అయింది. మహాడ్ మాత్రం చాలామందికి దళితుల చరిత్రగానే మిగిలింది. రెండు పాటలను మీరు లెక్కగట్టే పద్ధతి కూడా ఇదే.

ధర్మన్న గారి పాట బ్రిటిషువాడికి పనికొచ్చింది అని ఒక నింద కూడా ఉంది. నల్లదొర వద్దు అంటే తెల్లదొర ముద్దు అని ఆ పాటలో ఎక్కడుంది? ఇద్దరు కొడుతుంటే, ఒకడి పేరు చెప్పినవాడు రెండోవాడి మనిషి అయిపోతాడా? బెజవాడనే తీసుకోండి. 1917లో భాగ్యరెడ్డి వర్మ గారి అధ్యక్షతన అక్కడే మనవాళ్లు 'పంచములు' అన్న పేరు కాదని 'ఆది ఆంధ్రులు' అన్న పేరు ప్రకటించుకున్నారు. 1921లో అదే ఊళ్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైంది. మన ప్రశ్న నాలుగేళ్ల ముందే ఆ ఊరు చేరింది. జవాబు చెప్పనివాళ్లు, అడిగినవాడిని అనుమానించారు.

తెల్లదొర వెళ్లిన 38 ఏళ్లకు, 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. గొడవ మొదలైంది తాగునీటి చెరువు దగ్గర. మళ్లీ నీళ్లే. ధర్మన్న గారి పాట వెటకారమే అయితే అది 1947 ఆగస్టుతో పాతబడిపోవాలి. పాతబడలేదు.

నేను చదువుకున్న పుస్తకాల్లో మొదటి పాట ఉంది. రెండోది లేదు. దాన్ని మా పేటలో అంబేద్కర్ జయంతికి, డప్పు మీద విన్నాను. అందుకే అడుగుతున్నాను. ఆగస్టు 15న పిల్లల చేత గరిమెళ్ల గారి పాట పాడించే మాస్టార్లూ, తప్పకుండా పాడించండి. అది అయిపోగానే బాణీ ఆపకండి. అదే దరువు మీద ధర్మన్న గారి పాట ఎత్తుకోండి. పిల్లలకు మీరు అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు. 'తెల్ల' ఉన్నచోట 'నల్ల' వినబడగానే వాళ్లే తలెత్తి మిమ్మల్ని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకుని వెళ్లండి.

మిగతాది వచ్చే భాగంలో.

జై భీమ్.