రోగములకు చుట్టరికములు కలపకండి

“గౌటు ఉన్నవారికి మల్టిపుల్ స్క్లీరోసిస్ రాదట, నిజమేనా?” అని కొందరు నన్ను అడుగుతారు. “కీళ్ళలోని యూరిక్ ఆమ్లము నరములకు ఎక్కితే కాళ్ళు పడిపోతాయట గదా!” అని మరికొందరు భయపడతారు. మా నల్లగొండ, పాలమూరు పల్లెలలో మూడవ మాట కూడా ఉంది: “అదంతా ఫ్లోరైడు నీళ్ళ వల్లనే.” ఈ మూడు మాటలలో అన్నిటికంటె ఎక్కువ హాని చేసినది మూడవది. ఆ పాపములో నాకూ భాగము ఉంది.

1990వ దశకములో మునుగోడు ప్రాంతము నుంచి ఇరవై ఆరేళ్ళ గృహిణి నడక తడబడుతున్నదని నా వద్దకు వచ్చింది. ఊరి పేరు వినగానే చీటీ మీద ఫ్లోరోసిస్ అని వ్రాశాను. అంతకు రెండేళ్ళ ముందు ఆమెకు ఒక కంటి చూపు మందగించి, కొన్ని వారములకు తిరిగి వచ్చింది. ఆ సంగతి నేను అడుగలేదు, ఆమె చెప్పలేదు. ఎముకల ఎక్స్‌రే అయినా తీయించలేదు. మూడేళ్ళ తరువాత హైదరాబాదులో ఎమ్మారై తీస్తే మల్టిపుల్ స్క్లీరోసిస్ అని తేలింది. అప్పటికి ఆమె చేతికర్ర లేనిదే నడువలేకపోతున్నది.

గౌటులో యూరిక్ ఆమ్లపు స్ఫటికములు కీళ్ళలో పేరుకొంటాయి. అర్ధరాత్రి కాలి బొటనవ్రేలు వాచి, దుప్పటి తగిలినా ఓర్వలేని నొప్పి పుడుతుంది. ఇది ఎక్కువగా నడివయస్సు దాటిన పురుషుల వ్యాధి. మల్టిపుల్ స్క్లీరోసిస్‌లో మన రోగనిరోధక వ్యవస్థయే మెదడులో, వెన్నుపాములో నరపు తంతువులపైనున్న మయెలిన్ తొడుగును దెబ్బతీస్తుంది. ఇది సాధారణముగా 20 నుంచి 40 ఏళ్ళ మధ్య మొదలవుతుంది. పురుషుల కంటె స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ.

మరి “గౌటు ఉంటే రాదు” అన్న మాట ఎక్కడిది? 1998లో అమెరికా పరిశోధకులు సుమారు రెండు కోట్ల మంది వైద్య బీమా రికార్డులను పరిశీలించి, ఈ రెండు వ్యాధులు ఒకే మనిషిలో కలిసి ఉండుట మిక్కిలి అరుదని ప్రకటించారు. నరములకు హాని చేసే పెరాక్సీనైట్రైట్ అనే పదార్థాన్ని యూరిక్ ఆమ్లము అడ్డుకొంటుందని కూడా చూపారు. ఆశ పుట్టించే ఊహయే. కాని ఒకటి యువతులను, మరొకటి పెద్దవయస్సు పురుషులను ఎక్కువగా పట్టే వ్యాధులు ఒకేచోట కనబడకపోవుటలో వింత ఏమున్నది? తరువాత యూరిక్ ఆమ్లాన్ని పెంచే ఇనోసిన్‌ను ఇంటర్‌ఫెరాన్‌తో కలిపి రోగులకు ఇచ్చి చూశారు. రక్తములో ఆమ్లము పెరిగింది; వ్యాధికి అదనపు మేలు కలుగలేదు. ఇనోసిన్ పరీక్షలలో కొందరికి మూత్రపిండములలో రాళ్ళు ఏర్పడ్డాయి. కనుక గౌటు మందు మానితే నరములు బాగుపడతాయని ఎవరైనా చెబితే నమ్మకండి.

చుట్టరికపు భ్రమను పెంచేది మరొకటి ఉంది: ఊళ్ళో వేసే స్టీరాయిడ్ ఇంజక్షను. అది గౌటు వాపును తగ్గిస్తుంది. మల్టిపుల్ స్క్లీరోసిస్ తిరగబెట్టినప్పుడు కూడా కొంత ఉపశమనము ఇస్తుంది. “అదే సూదికి రెండూ తగ్గాయి, కనుక రెండూ ఒక్కటే వాతము” అని జనము తీర్మానిస్తారు. బావిలో మంటను, ఇంటిలో మంటను ఒకే నీరు ఆర్పవచ్చును. మంట పెట్టినది ఒకరే అని అర్థమా?

ఫ్లోరైడును నేను తక్కువ చేయుట లేదు. 1955లోనే ఏ.హెచ్. సిద్దీఖీ నల్లగొండ ఫ్లోరోసిస్‌ను బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వర్ణించారు. ముదిరిన ఫ్లోరోసిస్‌లో వెన్నెముక బిగుసుకొని, సంధి బంధనములు సున్నము పట్టి, వెన్నుపాము నొక్కుకుపోయి కాళ్ళు పడిపోవుట నిజమే. అందుకే పొరపాటు సులభము. కాని ఫ్లోరోసిస్ ఎక్స్‌రేలో కనబడుతుంది. ఎముకలు దట్టముగా తెల్లబారి ఉంటాయి. ఆ సాక్ష్యము లేకుండా ఊరి పేరు చూసి రోగము పేరు వ్రాయుట వైద్యము కాదు. సాక్ష్యము ఉన్నా, ఫ్లోరోసిస్ ఉన్న ఊరిలో మరొక వ్యాధి రాకూడదన్న నియమము లేదు.

పాఠకులు ఈ లక్షణములు గుర్తుంచుకోవలెను: ఒక కంటిలో నొప్పితో చూపు తగ్గుట, తిమ్మిరి, బలహీనత రోజుల తరబడి ఉండుట, మెడ వంచితే వెన్నులో కరెంటు పాకినట్లుండుట, మూత్రము ఆపుకోలేకపోవుట, ఎండలో, వేడినీటి స్నానముతో ఇవి ఎక్కువగుట. మన మే నెల ఎండలో ఈ చివరిదాన్ని వడదెబ్బ అని కొట్టిపారేస్తాము. ఇటువంటప్పుడు నాడీవ్యాధి నిపుణుని చూడండి. విటమిన్ బి12 లోపము, వెన్నెముక క్షయ కూడా కాళ్ళను బలహీనపరుస్తాయి; ఆ రెండింటికీ చికిత్స ఉంది. మల్టిపుల్ స్క్లీరోసిస్‌కు శాశ్వత నివారణ లేకున్నా, వ్యాధి తిరగబెట్టుటను తగ్గించే మందులు 1993 నుంచి ఉన్నాయి. అవి తొలిదశలోనే ఎక్కువగా పనిచేస్తాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టము ఈ వ్యాధిని గుర్తించిన 21 వైకల్యములలో చేర్చింది. ధ్రువపత్రము అడుగుట రోగి హక్కు.

నా తోటి వైద్యులకు ఒక్క మనవి. చీటీ మీద ఫ్లోరోసిస్ అని వ్రాసే ముందు మూడు ప్రశ్నలు అడగండి: కన్ను ఎప్పుడైనా మందగించిందా? తిమ్మిరి వచ్చి పోయిందా? ఎక్స్‌రే తీశారా? నేను అడుగని ప్రశ్నల మూల్యము ఆ యువతి చెల్లించింది.