ఫ్యాన్సీ సరే... ఫాంటసీ మాటేమిటి?

తాండూరు బజారులోనే కాదు, ఏ చిన్న టౌనుకెళ్లినా ‘ఫ్యాన్సీ స్టోర్’ అన్న బోర్డు కనబడుతుంది. గాజులు, రిబ్బన్లు, క్లిప్పులు అక్కడే కొంటాం. పెళ్లిళ్లకి ఫ్యాన్సీ చీరలు కడతాం. మగవాళ్లయితే కొత్త బండికి వేలకు వేలు పోసి ఫ్యాన్సీ నంబరు తెచ్చుకుంటారు. ఇంతకీ ఈ ‘ఫ్యాన్సీ’ ఎక్కడిదో తెలుసా? ఇంగ్లీషు వాళ్ల నోళ్లలో నలిగి నలిగి ‘ఫాంటసీ’ అన్న మాటే ఇలా కురచయ్యింది. రెండింటికీ మూలం గ్రీకు భాషలోని ‘ఫాంటాసియా’. మనసులో ఉన్నదాన్ని కళ్లకు కట్టేలా చేసుకోవడమని దాని భావం.

తల్లీకూతుళ్లలాంటి ఈ రెండు మాటల్లో కూతురు ఫ్యాన్సీకి మన ఇళ్లలో పెద్దపీట. తల్లి ఫాంటసీని మాత్రం, అందులోనూ అది ఆడపిల్ల నోట వస్తే, గుమ్మంలోనే నిలబెడతాం.

తెరమీద అయితే పేచీ లేదు. 1951లో వచ్చిన ‘పాతాళ భైరవి’లో తోటమాలి కొడుకు రాకుమారిని కోరుకుంటే చప్పట్లు కొట్టాం. 1990లో ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’లో దేవకన్య మామూలు మనిషి ఇంటికొస్తే ఇంటిల్లిపాదీ వెళ్లి చూశాం. మరి మన ఇంట్లో అమ్మాయి తన తాహతుకు మించినది కోరుకుంటేనో?

కరణ్‌కోట సంగతే తీసుకోండి. వికారాబాద్ జిల్లాలో తాండూరు పక్కనున్న ఊరు. అక్కడి భూమిలో ఉన్నది సున్నపురాయి. ఆ రాతిని చూసి ఎవరో సిమెంటును ఊహించారు. సీసీఐ ఫ్యాక్టరీ వెలిసింది. తాండూరు నాపరాళ్లను చూసి ఇంకెవరో నున్నటి గచ్చును ఊహించారు. ఆ బండలు ఎక్కడెక్కడి ఇళ్లలోనో పరుచుకున్నాయి. ఆ ఊహలకు ప్రాజెక్టు అనీ, వ్యాపారం అనీ పేర్లు పెట్టారు. అదే ఊళ్లో ఇంటర్ చదివే ఆడపిల్ల “ఈ రాళ్ల చదువే చదువుతా, జియాలజిస్టునైతా” అందనుకోండి. “గాలిల మేడలు కట్టకు బిడ్డా, మంచి సంబంధమొచ్చింది” అనే వాళ్లే ఎక్కువ.

మన నుడికారంలోనూ ఈ పక్షపాతం ఉంది. ఆకాశంలోని గంగను నేలకు దింపాలనుకున్నాడు భగీరథుడు. అంతకన్నా పెద్ద ఫాంటసీ ఉంటుందా? అయినా ‘భగీరథ ప్రయత్నం’ అంటే మనకు గొప్ప మెచ్చుకోలు. తీరని కోరికలను వెక్కిరించాల్సి వస్తే మాత్రం ‘గొంతెమ్మ కోరికలు’ అంటాం. గొంతెమ్మ అంటే కుంతీదేవే. మగవాడు అసాధ్యాన్ని కోరితే ప్రయత్నమట, ఆడది కోరితే గొంతెమ్మ కోరికట!

ఈ రోజుల్లో మరో వింత చూశాం. ‘ఫాంటసీ క్రికెట్’ అంటూ ఫోన్లలో ఇంటి డబ్బు తగలేసిన అబ్బాయిలను ఎవరూ పగటికలలు కంటున్నారని ఎగతాళి చేయలేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణలో 2017లో నిషేధించాల్సి వచ్చింది. 2025లో దేశమంతటికీ చట్టం చేయాల్సి వచ్చింది. ఏ ఫాంటసీ కొంప ముంచుతుందో, ఏది నిలబెడుతుందో ముందే చూసుకోవద్దూ?

నిలబెట్టేదీ ఉంటుందా అంటారా? మద్రాసు నుంచి కమలా సత్యనాథన్ నడిపిన ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’లో 1905లో ఒక కథ అచ్చయింది. పేరు ‘సుల్తానాస్ డ్రీమ్’. రాసింది బెంగాలీ ముస్లిం ఇల్లాలు రొకెయా సఖావత్ హుస్సేన్. అందులో ఆడవాళ్లు దేశాన్ని ఏలుతుంటారు. సూర్యుడి వేడితో వంట చేసుకుంటారు. మేఘాల నుంచి నీళ్లు పట్టుకుంటారు. పరదా చాటున మగవాళ్లుంటారు! చదివి నవ్విన వాళ్లు నవ్వి ఉంటారు. ఆమె మాత్రం 1911లో కలకత్తాలో 8 మంది ఆడపిల్లలతో బడి పెట్టింది. సూర్యుడి వేడితో వంట ఇవాళ మనకు వింత కాదు. ఆమె పెట్టిన బడి పిల్లలకు చదువు చెబుతూనే వచ్చింది.

“ఆశపడి భంగపడితే తట్టుకోలేదమ్మా, అందుకే వద్దంటాం” అంటారు పెద్దవాళ్లు. వాళ్ల భయాన్ని కొట్టిపారేయలేం. సీరియల్లో మేడలు చూసి, రాజకుమారుడొచ్చి ఉద్ధరిస్తాడని కూర్చునే పిల్లలూ ఉన్నారు. కానీ అది వేరేవాళ్లు తయారుచేసి మనకమ్మిన ఫాంటసీ. అందులో మనం చేసేదేమీ ఉండదు, ఎదురుచూడటం తప్ప. తన కాళ్లమీద తాను నడిచి వెళ్లే చోటును ఊహించుకునే పిల్లది వేరే దారి. ఆ పిల్లకి కావలసింది బస్సు పాసు, ఫీజు డబ్బులు, ఇంకో మూడేళ్ల గడువు.

తెలుగులో ఒక చక్కని మాటుంది. ‘నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ’ అంటాం. పసితనం పోయి తెలివి రావడాన్నే మనవాళ్లు ఊహ తెలియడం అన్నారు. మరి ఊహ తెలిసిన పిల్లని ఊహించొద్దనడం ఏం న్యాయం?

ఈసారి మీ అమ్మాయి కొంచెం పెద్ద మాట మాట్లాడితే, వెంటనే ‘పగటికల’ అని కొట్టిపారేయకండి. “దానికేం చదవాలి? ఎంతవుతుంది? ఎక్కడుంది కాలేజీ?” అని అడగండి. జవాబు చెప్పలేకపోతే తెలుసుకుని రమ్మనండి. ఫ్యాన్సీ స్టోర్లో గాజులు కొనిచ్చే చేతులతోనే ఒక అప్లికేషన్ ఫారమూ కొనివ్వండి.